మెస్నర్, కుకుచ్కా: ముందు ఎక్కినవాడా, వేగంగా ఎక్కినవాడా?

8,000 మీటర్లు దాటిన శిఖరాలు ప్రపంచంలో 14. అన్నీ ఎక్కిన మొదటి మనిషి ఇటలీకి చెందిన రైన్‌హోల్డ్ మెస్నర్, రెండోవాడు పోలండ్‌కు చెందిన యెర్జీ కుకుచ్కా. మెస్నర్ 1986 అక్టోబరులో ముగించాడు, కుకుచ్కా 1987 సెప్టెంబరులో.

లెక్క చూస్తే మెస్నర్‌దే పైచేయి. కానీ ఆయనకు 16 ఏళ్లు పట్టింది, కుకుచ్కాకు ఎనిమిదేళ్లు కూడా పట్టలేదు. పైగా నాలుగు శిఖరాలు చలికాలంలో ఎక్కాడు, చాలావాటికి కొత్త దారులు వెతుక్కున్నాడు. డబ్బు సంగతి వేరే కథ. పోలండ్ పర్వతారోహకులు ఫ్యాక్టరీ చిమ్నీలకు తాళ్లతో వేలాడుతూ రంగులేసి యాత్రల ఖర్చు కూడబెట్టేవారు.

ఆక్సిజన్ దగ్గరకొస్తే మాత్రం నా ఓటు మెస్నర్‌కే. 14 శిఖరాల్లో ఒక్కదానికీ సిలిండర్ వాడలేదు. 1978లో పీటర్ హాబెలర్‌తో ఎవరెస్ట్ అలాగే ఎక్కాడు, 1980లో ఒంటరిగా మళ్లీ ఎక్కాడు. అంత ఎత్తులో అది అసాధ్యమని చాలామంది నమ్మిన రోజులవి. కుకుచ్కా ఎవరెస్ట్ మీద మాత్రమే ఆక్సిజన్ వాడాడు.

మూల్యం ఇద్దరూ చెల్లించారు. 1970లో నంగా పర్బత్ మీద మెస్నర్ తమ్ముడు గుంథర్‌ను, కాలివేళ్లను పోగొట్టుకున్నాడు. కుకుచ్కా మొదట ఎక్కింది ల్హోత్సే. మెస్నర్ చివరగా ఎక్కిందీ అదే. 1989 అక్టోబరులో దాని దక్షిణ ముఖం మీదే తాడు తెగి కుకుచ్కా చనిపోయాడు.