ఇంగ్లీష్ విక్షనరీలో ‘ఎటిమాలజీ’ భాగం: మాట పుట్టుక చదవడానికి ఎంతవరకు పనికొస్తుంది?

ఇంగ్లీష్ మాటలు ఎలా తయారయ్యాయో, ఏది దేనికి చుట్టమో చెప్పే పరిభాష పట్టుబడాలంటే డబ్బు పెట్టక్కర్లేదు, ఇంగ్లీష్ విక్షనరీ చాలు. 2002 డిసెంబరులో మొదలైన ఈ ఉచిత నిఘంటువు అర్థాల దగ్గర మామూలుగానే ఉంటుంది. సరుకంతా ‘ఎటిమాలజీ’ శీర్షిక కిందే. అక్కడ చాలామంది మాటను ముక్కలుగా విడదీసి చూపే ప్లస్ గుర్తులు మాత్రమే చూసి వెళ్లిపోతారు. చూడాల్సింది ఆ విడదీతకు ముందు రాసిన ‘ఫ్రమ్’, ‘ఈక్వివలెంట్ టు’ లాంటి మాటల్ని.

‘బర్‌గ్లర్’ అంటే ఇళ్లు దోచేవాడు, ‘బర్‌గిల్’ అంటే దోచడం. ‘టీచ్’ నుంచి ‘టీచర్’ వచ్చినట్టే క్రియ ముందు పుట్టి, దానికి ప్రత్యయం చేరిందనిపిస్తుంది. జరిగింది తలకిందులు. ముందున్నది ‘బర్‌గ్లర్’, దాని చివర కత్తిరించి క్రియను తర్వాత తయారుచేసుకున్నారు. దీన్నే ‘బ్యాక్-ఫార్మేషన్’ అంటారు. ‘టెలివిజన్’ నుంచి ‘టెలివైజ్’ వచ్చిందీ ఇలాగే. క్లిప్పింగ్ వేరు: ‘ల్యాబొరేటరీ’ని ‘ల్యాబ్’ అన్నప్పుడు పొడవు తగ్గింది, అర్థమూ మారలేదు, నామవాచకం నామవాచకంగానే ఉంది. పరీక్షల గైడ్లలో ఈ రెంటినీ కలిపేస్తుంటారు, ఇక్కడ మాత్రం వేర్వేరు వర్గాలు. బ్లెండ్ (రెండు మాటల ముక్కలు కలిపింది), అక్రోనిమ్ (తొలి అక్షరాలతో కట్టింది) లాంటివి పేజీ చూడగానే తెలిసిపోతాయి, వాటికి పాఠం అక్కర్లేదు.

‘టీచర్’ విషయంలోనూ ఒక మెలిక ఉంది. అది మిడిల్ ఇంగ్లీష్ (మధ్యయుగాల నాటి ఇంగ్లీష్) నుంచి మొత్తంగా వారసత్వంగా వచ్చిన మాట. ఇవాళ విడదీస్తే ‘టీచ్’, ‘ఇఆర్’ అని తేలుతుంది, అంతే. ఇలాంటి చోట విక్షనరీ ‘ఈక్వివలెంట్ టు’ అనో ‘బై సర్ఫేస్ అనాలిసిస్’ అనో రాస్తుంది. ఆ తర్వాత వచ్చేది పైకి కనిపించే విడదీత, చరిత్ర కాదు. ఎక్కువమంది పొరబడేది సరిగ్గా ఇక్కడే.

‘ఇన్‌హెరిటెడ్’ (భాష పూర్వ రూపం నుంచి వారసత్వంగా దిగింది), ‘బారోడ్’ (వేరే భాష నుంచి అరువు తెచ్చుకుంది) తేడా దగ్గర తెలుగువాళ్లు కొంచెం ఆగాలి. బళ్లో నేర్చుకున్న తత్సమం, తద్భవాలను వీటికి అంటగట్టాలనిపిస్తుంది. కుదరదు. హిందీలో తద్భవం వారసత్వంగా దిగినదే. తెలుగు ద్రావిడ భాష కాబట్టి మన తత్సమాలూ, సంస్కృత ప్రాకృతాల నుంచి వచ్చిన తద్భవాలూ రెండూ ఈ లెక్కలో అరువే.

ఒకే మూలం నుంచి వేర్వేరు దారుల్లో ఒకే భాషలోకి చేరిన మాటల జంట ‘డబ్లెట్’. దానికి మాత్రం ప్రకృతి, వికృతులు దగ్గరగా వస్తాయి. ఫ్రిజ్ కొంటే చేతిలో పెట్టే కార్డు మీది ‘వారంటీ’, ‘గ్యారంటీ’ ఒక జంట. ఫ్రెంచ్‌లోకి వెళ్లిన ఒకే జర్మానిక్ మూలం ఉత్తరాది మాండలికంలో ‘వ’ నిలుపుకుంది, మిగతాచోట్ల ‘గ’ అయింది. ఇంగ్లీష్ రెంటినీ తెచ్చుకుంది. ‘ఫ్రెయిల్’, ‘ఫ్రాజైల్’ కూడా ఒకే లాటిన్ మాటకు రెండు దారులు. భక్తి, బత్తి జంటలో ఒకటి రెండోదానికి మూలమని మనం చెప్పుకుంటాం. డబ్లెట్లలో అలా ఉండాల్సిన పనిలేదు, రెండూ మూడోదాని నుంచి దిగి ఉండొచ్చు.

ఒకే పూర్వ మూలం నుంచి వేర్వేరు భాషల్లోకి వారసత్వంగా దిగిన మాటలే ‘కాగ్నేట్లు’. ఈ విషయంలో విక్షనరీ గట్టిగానే ఉంటుంది. ఇంగ్లీష్ ‘నేమ్’, సంస్కృత ‘నామన్’ కాగ్నేట్లు. తెలుగు ‘నామం’ సంస్కృతం నుంచి అరువు కాబట్టి అది ‘నేమ్’కి కాగ్నేట్ కాదు. పోలిక చూసి మోసపోకూడదనడానికి లాటిన్ ‘హబేరే’ ఉంది. అర్థమూ ధ్వనీ అచ్చం ఇంగ్లీష్ ‘హ్యావ్’లా ఉన్నా రెంటికీ సంబంధం లేదు.

‘డిరైవ్డ్’ అన్న మాట వాడకం మాత్రం ఈ సైటులో గజిబిజి. పేజీ కింద ‘డిరైవ్డ్ టర్మ్స్’ అంటే ఆ మాటకు ప్రత్యయమో ఇంకో పదమో చేర్చి ఇంగ్లీష్‌లోనే తయారైనవి. ‘రిలేటెడ్ టర్మ్స్’ అంటే మూలం ఒకటే అయినా దీని నుంచి పుట్టనివి. ‘డిసెండెంట్స్’ అంటే ఇతర భాషల్లోకి వెళ్లినవి. అదే ‘డిరైవ్డ్’ వర్గాల పేరులో కనిపిస్తే, నేరుగానో వేరే భాషల మీదుగానో ఆ భాష నుంచి వచ్చినవన్నీ అని అర్థం. మన ‘పందికొక్కు’ నుంచి వెళ్లిన ‘బ్యాండికూట్’ను అలా తెలుగు వర్గంలో వెతకొచ్చు.

వాడేటప్పుడు ముందు ‘ఇంగ్లీష్’ విభాగం తెరవాలి, ఒకే పేజీలో అదే స్పెల్లింగుతో వేరే భాషల మాటలూ ఉంటాయి. తర్వాత ఎటిమాలజీకి నంబర్లు ఉన్నాయేమో చూసుకోవాలి. ఎగిరే ‘బ్యాట్’, ఆడే ‘బ్యాట్’ పుట్టుకలు వేరు, ఒక నంబరు కింది అర్థానికి ఇంకో నంబరు చరిత్ర అంటగడితే అంతా తప్పే. పరిభాష పదం తెలియకపోతే దాని మీద నొక్కండి, చాలావాటికి గ్లాసరీ లింకు ఉంటుంది. ముందు నక్షత్రం గుర్తున్న రూపం ఎక్కడా రాతలో దొరికింది కాదు, పండితులు పునర్నిర్మించింది.

లోపాలకు కొదవలేదు. కొన్ని పేజీల్లో అరువో వారసత్వమో తేల్చకుండా ‘ఫ్రమ్’ అని వదిలేస్తారు. ఆధారం చూపని ఎటిమాలజీలు బోలెడు. అసంపూర్ణమని హెచ్చరిక పెట్టిన చోట ఆ మాటను క్లాసులో ఉదాహరణగా వాడొద్దు. తారీకులు అరుదు. మాట ఏ దశాబ్దంలో మొదట కనిపించిందో కావాలంటే ఎటిమాన్‌లైన్ అనే ఇంగ్లీష్ పదాల పుట్టుకల సైటు మెరుగు, అదీ ఉచితమే. కానీ బ్యాక్-ఫార్మేషన్లనో డబ్లెట్లనో వర్గంగా ఒకేచోట చూడాలంటే మాత్రం విక్షనరీకే రావాలి.