కంచరపాలెం బర్మా క్యాంపులో ఆదివారం మొహింగా

బర్మా నుంచి తిరిగొచ్చినవాళ్లు స్థిరపడిన బర్మా క్యాంపు దగ్గర బండ్ల మీద అమ్మే నూడుల్స్ విశాఖలో చాలామందికి తెలిసినవే. సాయంత్రమైతే కాలేజీ కుర్రాళ్లు బైకులేసుకుని వస్తారు. పచ్చి ఉల్లి, క్యాబేజీ, చింతపండు రసం, వేపుడు మిరపపొడి వేసి చేత్తో కలిపిన ప్లేటు తిని వెళ్తారు. నేను చెప్పబోయేది వాటి గురించి కాదు. ఆ చుట్టుపక్కలే ఒక ఇంటి అరుగు మీద, ఆదివారం పొద్దున్న మాత్రం మొహింగా పెడుతున్నారు. బోర్డు లేదు, పేరు లేదు. పెద్ద అల్యూమినియం డేగిసా, నాలుగు ప్లాస్టిక్ స్టూళ్లు, ఒక బల్ల, అంతే. నా మట్టుకు, ఈ ఊళ్లో డబ్బిచ్చి తినగలిగిన బర్మా వంటల్లో ఇదే అన్నిటికన్నా మంచిది.

మొహింగా తినని వాళ్ల కోసం చెబుతాను. చిక్కటి చేపల చారులో సన్నటి బియ్యపు సేమ్యా వేసి ఇస్తారు. మన చింతపండు చేపల పులుసుతో దీనికి పోలిక లేదు. జెల్లల్ని పసుపు, నిమ్మగడ్డి వేసి ఉడికించి, ముళ్లు ఏరేసి, ఆ కండని ఉల్లి, అల్లం, వెల్లుల్లి ముద్దతో నూనెలో బాగా వేపుతారు. నీచు వాసన పోయేది ఈ వేపుడులోనే. ఇక్కడ తొందరపడితే డేగిసా మొత్తం పాడైపోతుంది. తర్వాత చేపలుడికిన నీళ్లు పోసి, వేయించిన శనగపిండిని జారుగా కలిపి పోసి, అరటి దవ్వ ముక్కలు వేసి, సన్న సెగ మీద చాలాసేపు మరగనిస్తారు. జెల్లలు దొరకని వారం కొర్రమీనుతో చేస్తారు. నాకు జెల్లలతో చేసిందే ఇష్టం. చారుకి ఆ చిక్కదనం, జిగురు వాటితోనే వస్తాయి.

ఒకసారి కాస్త ముందుగా వెళ్తే, ఆ ఇంటి పిన్ని గుమ్మంలో కూర్చుని తర్వాతి విడత కోసం దవ్వ తరుగుతోంది. ఒక్కో చక్రం కోసినప్పుడల్లా కత్తికీ ముక్కకీ మధ్య పీచు సాగుతుంది. దాన్ని తెంపకుండా చూపుడు వేలికి చుట్టుకుంటూ పోతుంది. వేలు నిండాక తీసి పక్కన పెట్టి మళ్లీ మొదలెడుతుంది. ముక్కలు నల్లబడకుండా పలచటి మజ్జిగలో వేస్తుంది. ఇంత ఓపిక హోటళ్లకి ఉండదు. అందుకే వేరేచోట తిన్న మొహింగాలో దవ్వ ఉండదు, ఉన్నా పీచు పళ్లలో ఇరుక్కుంటుంది. ఇక్కడ ముక్క చారు పీల్చుకుని మెత్తగా ఉంటుంది, కొరికితే మాత్రం ఇంకా కరకరమంటుంది.

గిన్నెలో పిడికెడు సేమ్యా పెట్టి, పైన రెండు గరిటెల చారు పోసి, సగం ఉడికించిన గుడ్డు, చిదిపిన పప్పు వడ, వెల్లుల్లి కాచిన నూనె, మిరపపొడి, కొత్తిమీర, నిమ్మచెక్క వేసి ఇస్తారు. కలిపేయకుండా ముందు ఉత్త చారు ఒక చెంచా తాగి చూడండి. నిమ్మ పిండేది తర్వాతే.

ఈ వంటకీ మా ఇంటికీ ఉన్న సంబంధం కూడా చెప్పాలి. మా అమ్మా నాన్నా ఇద్దరూ రంగూన్‌లో పుట్టారు. మా పెద్దలు కళింగపట్నం వైపు నుంచి ఓడెక్కి వెళ్లినవాళ్లు. ఆ రోజుల్లో ఈ తీరం నుంచి వేలమంది రంగూన్ రేవులోనూ బియ్యం మిల్లుల్లోనూ పనికి వెళ్లారు. 1937 దాకా బర్మా కూడా బ్రిటిష్ ఇండియాలో భాగమే కదా. 1962లో జనరల్ నే విన్ అధికారం పట్టాక పరిస్థితి తిరగబడింది. దుకాణాలు ప్రభుత్వపరమయ్యాయి. 1964లో 50, 100 క్యాట్ నోట్లు చెల్లవన్నారు. నగలూ డబ్బూ వెంట తెచ్చుకోవడానికి కూడా ఆంక్షలే. అలా ఓడల్లో వెనక్కి వచ్చినవాళ్లకి ఇక్కడ కాందిశీకులని పేరు పడింది. మా అమ్మ సొంత ఊరికి తిరిగి రాలేదు, అప్పటిదాకా చూడని ఊరికి వచ్చింది.

నేను మాత్రం ఇక్కడే పుట్టాను. బళ్లో నన్ను బర్మా పిల్ల అనేవారు. ఇంట్లో అమ్మమ్మ మమ్మల్ని ఇండియా పిల్లలనేది. అమ్మమ్మ లుంగీ కట్టి, చెంపలకి థనకా బెరడు అరగదీసిన గంధం రాసుకుని, సాయంత్రం గుమ్మంలో కూర్చుని చుట్ట కాల్చేది. మా వీధిలో ముసలమ్మలంతా అడ్డపొగ తాగేవారు, నిప్పు నోట్లో పెట్టుకుని. నిప్పు బయటికి పెట్టి కాల్చే మా అమ్మమ్మని వాళ్లు వింతగా చూసేవారు. "నోరు కాలదేటే?" అని ఆవిడ వాళ్లని అడిగేది. గోంగూర, ఎండు రొయ్యల కూర దగ్గర మాత్రం తగువు లేదు. బర్మాలో అదే వండుతారు, ఉత్తరాంధ్రలో అదే వండుతారు. మా గిన్నె పక్కింటికి వెళ్లేది, వాళ్ల గిన్నె మాకు వచ్చేది.

ఙపి సంగతి వేరు. చేపలు, రొయ్యలు మురగబెట్టి చేసే ఆ ముద్ద వేపాలంటే అమ్మ ముందు వీధి తలుపు వేసేది, తర్వాత కిటికీలు. మొహింగా కూడా తలుపులేసుకునే వండుకునేవాళ్లం. బడికి నేను పెరుగన్నం, ఆవకాయ పట్టుకెళ్లేదాన్ని. నాకిష్టమైన ఎండు రొయ్యల వేపుడు కారం, బలాచాం, ఇంటి గడప దాటేది కాదు. వద్దని ఎవరూ చెప్పలేదు. అయినా అందరికీ తెలుసు.

అందుకే ఆ అరుగు మీద, నడివీధిలో, మూతలు తీసి ఉన్న డేగిసాని మొదటిసారి చూసినప్పుడు నా గొంతు పూడుకుపోయింది. క్యూలో రైల్వే క్వార్టర్ల వాళ్లున్నారు, రైతు బజారు సంచులతో వచ్చినవాళ్లున్నారు. వాళ్లలో చాలామందికి బర్మాతో ఏ సంబంధమూ లేదు. మా పిల్లలకైతే ఇది ఆదివారం టిఫిన్, ఇంకో వడ చిదిపి వెయ్యమని అడిగి మరీ తింటారు. తలుపు వెయ్యాలన్న ఆలోచనే వాళ్లకి లేదు. నేను కోరుకున్నది అదే.

మొన్న అమ్మని తీసుకెళ్లాను. రెండు చెంచాలు తాగి, "ఙపి వెయ్యలేదా?" అని అడిగింది.

"వేశాను వదినా, కొంచెమే. ఎక్కువేస్తే ఈ ఊరోళ్లు తినరు. కావలసినోళ్లకి ఇదిగో," అని పిన్ని బల్ల కిందనుంచి చిన్న స్టీలు డబ్బా తీసింది. వేపిన ఙపి. అమ్మ గిన్నెలో ఓ అర చెంచా కలిపింది. అమ్మ ఇంకేం మాట్లాడలేదు, గిన్నె ఖాళీ చేసి రెండోది అడిగింది. మీకూ ఆ ఘాటు అలవాటుంటే అడగండి, ఇస్తారు. బల్ల మీద మాత్రం కనపడదు.

ఇది అచ్చం రంగూన్ మొహింగా అని నేను అనను. అక్కడ ఫిష్ సాస్ వేసే చోట వీళ్లు ఎండు రొయ్యల పొడి వేస్తారు. పప్పు బిళ్లల వేపుడు బదులు మన పప్పు వడ. నిమ్మ, కారం మన నోటికి తగ్గట్టు. అయితే మా అమ్మ వండింది కూడా ఇలాంటిదే, ఇక్కడ దొరికిన సరుకుతో. ఓడ దిగినవాళ్ల పిల్లలం మేం పెరిగింది ఈ రుచి మీదే. పలచబడిందని, కల్తీ అయిందని దీన్ని ఎవరైనా చిన్నచూపు చూస్తే నేను ఒప్పుకోను. ఇంకో మాట, ఇప్పుడు చారు కాచేది పిన్ని కోడలు. అనకాపల్లి అమ్మాయి, పెళ్లికి ముందు మొహింగా పేరు కూడా విన్లేదట. వేపు పట్టడంలో ఆ అమ్మాయి చెయ్యే మెరుగని అత్తగారే అంటోంది. నాకూ అలాగే అనిపించింది.

బాగోలేనివి కూడా ఉన్నాయి. కొబ్బరిపాల చారులో వేసే నూడుల్స్, ఖౌస్వే, కూడా పెడుతున్నారు గానీ తినమని నేను చెప్పను. పాలు పలచన, తీపి ఎక్కువ, కోడి ముక్కలు గట్టిగా ఉంటాయి. ఒక్క వంటే ఇంత బాగా చేస్తున్నప్పుడు రెండోది ఎందుకో. పక్కనే కాలువ ఉంది, ఎండెక్కితే వాసన వస్తుంది. పార్సిల్ అడిగితే మరిగే చారుని ప్లాస్టిక్ కవర్లో పోసి ముడేసి ఇస్తున్నారు. అది మానేయాలని పిన్నికి చెప్పాను. మీరు వెళ్లేటప్పుడు క్యారేజీ పట్టుకెళ్లండి, చారు ఒక గిన్నెలో, సేమ్యా ఒక గిన్నెలో విడిగా పెట్టించుకోండి. కలిపి తెస్తే ఇంటికొచ్చేసరికి సేమ్యా ఉబ్బి ముద్దయిపోతుంది.

గిన్నె 60 రూపాయలు, గుడ్డు లేకుండా 50. ఏడింటికి మొదలుపెడతారు, తొమ్మిదిన్నరకి డేగిసా ఖాళీ. కారు తీసుకెళ్లొద్దు, ఆ సందులో తిప్పుకోవడం కష్టం. ఊర్వశి జంక్షన్ దగ్గర ఆటో దిగి నడవండి, దారిలో ఎవర్ని అడిగినా చూపిస్తారు. ఏప్రిల్ నడిమిలో బర్మా వాళ్ల నీళ్ల పండుగ వస్తుంది కదా, ఆ రోజుల్లో ఆదివారంతో పని లేకుండా రోజూ పెడతారట. అప్పుడు జనం ఎక్కువ, ముందు రోజే చెప్పి ఉంచుకుంటే మంచిది.