అంతర్వేది తీర్థం: ఎక్కడ దిగాలి, రథాన్ని ఎక్కడ చూడాలి

కోనసీమలోని అంతర్వేది తీర్థానికి (నరసింహస్వామి తిరునాళ్లకు) వెళ్దామనుకునేవాళ్లు ముందు బస సంగతి చూసుకోవాలి. మాఘ శుద్ధ దశమి రాత్రి లక్ష్మీనరసింహస్వామి కల్యాణం, మర్నాడు భీష్మ ఏకాదశి మధ్యాహ్నం రథం. ఆ రెండు రోజులూ ఊళ్లో సత్రాలు ఖాళీ ఉండవు. మేం నరసాపురంలో లాడ్జి తీసుకున్నాం. గది మామూలుదే, పండగ రేటు మాత్రం గట్టిగానే వేశారు. అయినా రైలు దిగే ఊరు, టిఫిన్లకు లోటు లేదు, పిల్లలతో వెళ్లేవాళ్లకు అదే నయం. పొద్దున్నే రేవులో పంటు (జనాన్ని, బళ్లను ఏరు దాటించే పెద్ద పడవ) ఎక్కి వశిష్ఠ గోదావరి దాటితే సఖినేటిపల్లి. అక్కడినుంచి బస్సులు, ఆటోలు ఉంటాయి. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు రేవులో విపరీతమైన తోపులాట. పెద్దవాళ్లు వెంట ఉంటే రాజోలు మీదుగా రోడ్డున వెళ్లండి.

చాలామంది గుడి దగ్గర రథం కదలగానే దండం పెట్టుకుని వెనుదిరుగుతారు. నన్నడిగితే గుర్రాలక్క గుడి దగ్గర నిలబడాలి. స్థలపురాణంలో రక్తవిలోచనుడనే అసురుడికి ఓ వరం ఉంది: అతని నెత్తురు తడిపిన ఇసుక రేణువులెన్నో, అంతమంది రక్తవిలోచనులు పుడతారు. వశిష్ఠుడి మొర విని నరసింహస్వామి వచ్చినప్పుడు, అశ్వరూఢాంబిక నాలుక చాచి ఒక్క చుక్కా నేల తాకకుండా పట్టింది. ఆవిడే ఈ గుర్రాలక్క, స్వామికి తోబుట్టువు. పెళ్లైన మర్నాడే స్వామి రథమెక్కి ఆవిడ గుమ్మానికొచ్చి చీర, సారె పెడతాడు. తాళ్లు ఆగాయి, మేళం జోరందుకుంది, పళ్లెంలో చీర జనం తలలమీదుగా వెళ్తుంటే నా పక్కనున్న మామ్మగారు "ఆడపడుచు సారె తల్లీ, కళ్లకద్దుకో" అంది. నాకు కళ్లనీళ్లు ఆగలేదు.

ఇప్పుడున్న గుడి 1823లో ఓడల వ్యాపారి కొపనాతి కృష్ణమ్మ గారు కట్టించింది. పాత రథం 2020 సెప్టెంబరులో షెడ్డులోనే కాలిపోయింది. ఆ వార్త విన్నప్పుడు ఇంట్లో మనిషికి ఏదో అయినట్టు బాధపడ్డాం. 2021 ఫిబ్రవరి తీర్థానికల్లా టేకు కర్రతో కొత్త రథం తయారైంది. దాన్ని కళ్లారా చూడాలనే ఈ ప్రయాణం పెట్టుకున్నాం.

భోజనానికి ఇబ్బంది లేదు. అన్నదానం, దారి పొడుగునా మజ్జిగ, పులిహోర. మరుగుదొడ్లే చాలడం లేదు, ఆడవాళ్లకు మరీ కష్టం. వాటి సంఖ్య పెంచడం అన్నిటికంటే ముందు జరగాలి. వీలుంటే మర్నాడు గోదావరి సముద్రంలో కలిసే సాగరసంగమం, అక్కడి అన్నాచెల్లెళ్ల గట్టు కూడా చూసి రండి.