బొచ్చు తీసే కరెంటు మిషన్: 26 గొర్రెల మీద రెండు విడతలు వాడాక

మాది కల్యాణదుర్గం పక్క పల్లె. ఇంట్లో 26 జీవాలున్నాయి, అన్నీ నల్ల బొచ్చు గొర్రెలే. మా చుట్టుపక్కల చాలామంది బొచ్చు రాని నెల్లూరు జాతికి మారిపోయారు, వాళ్లకు ఈ గోలే లేదు కాబట్టి చదవడం ఇక్కడితో ఆపేయొచ్చు. మాకు మాత్రం ఏడాదికి రెండుసార్లు బొచ్చు తీయాల్సిందే. తీయకపోతే ఎండకు రొప్పుతాయి, వానకు తడిసి బరువెక్కి ఈడ్చుకుంటూ నడుస్తాయి, లోపల పిడుదులు ఎన్ని చేరినా కంటికి ఆనవు. ఇన్నాళ్లూ కత్తెరలు పట్టుకుని పక్క ఊరి నుంచి నలుగురు వచ్చేవాళ్లు, తలకింత అని కూలీ, మధ్యాహ్నం సంగటి. వాళ్లలో ఇద్దరు బెంగళూరు పోయారు. మిగిలిన ఇద్దరికి ఫోన్ చేస్తే వచ్చే వారం అంటారు, ఆ వారం మాత్రం రాదు. విసుగొచ్చి పోయిన ఏడాది ముంగారు వానలకు ముందు ఆన్‌లైన్లో 6,800 రూపాయలు పెట్టి మిషన్ తెప్పించాను.

పెట్టెలో మిషన్, చిన్న నూనె సీసా, బ్రష్, స్క్రూడ్రైవర్, ఒకే ఒక్క జత బ్లేడు. కింద 13 పళ్ల దువ్వెన లాంటి పలక, దాని మీద అటూ ఇటూ కదిలే 4 పళ్ల కట్టర్. పెట్టె మీద వాట్లు ఎంత పెద్ద అక్షరాల్లో వేశారో చెప్పలేను, కానీ అది చూసి కొనొద్దు. మోటారుకు నేను వంక పెట్టను, రెండు విడతల్లో ఒక్కసారీ ఆగలేదు. కథంతా బ్లేడు దగ్గరే ఉంది.

మొదటి విడత చెప్తాను. మంద పొలంలో కట్టి ఉంది, అక్కడ ప్లగ్గు పెట్టే దారి లేదు, అందుకని ఇంటి ముందుకు తోలుకొచ్చి వరండాలోంచి వైరు లాగాం. స్విచ్ వేయగానే వచ్చిన మోతకు గొర్రెలన్నీ ఒక మూలకు ఎగబడ్డాయి. నాయన అయితే "ఈ సద్దుకే సగం జీవాలు చస్తాయి రా" అని పక్కకు పోయి కూర్చున్నాడు. మొదటి గొర్రెకు 25 నిమిషాలు పట్టింది. అలవాటుగా మూడు కాళ్లు కట్టి పక్కకు పడేశాను, అదే తప్పు. అట్లా పడుకున్నప్పుడు ముందుకాలి సందులో తోలు మడత పడుతుంది, ఆ మడత పళ్ల మధ్య ఇరుక్కుని రూపాయి బిళ్లంత తెగింది. పసుపు, వేపనూనె పెట్టి, ఈగ వాలి పురుగు పడుతుందేమోనని వారం రోజులు పొద్దునా సాయంత్రం ఆ ఒక్కదాన్నే పట్టుకుని చూసుకున్నాను. తర్వాత వీడియోలు చూసి నేర్చుకున్నదేంటంటే, కాళ్లు కట్టకుండా గొర్రెను పిరుదుల మీద కూర్చోబెట్టి, వీపును మన మోకాళ్లకు ఆనించుకోవాలి. ఆశ్చర్యంగా అట్లా కూర్చోబెడితే గింజుకోదు, పెళ్లికొడుకులా కూర్చుంటుంది. ఎడమచేత్తో తోలు బిగువుగా లాగి పట్టుకుంటే మిషన్ నున్నగా జారుతుంది. పదో గొర్రెకు వచ్చేసరికి 8 నిమిషాల్లో అయిపోయింది.

పదకొండో గొర్రెకు బ్లేడు మొండిబారింది. తెగడం పోయి పీకడం మొదలైంది, చేయి పెడితే చుర్రుమనేంత వేడి. మా జీవాల బొచ్చులో బొచ్చెంత ఉంటుందో ఇసుకా, పల్లేరుకాయలూ అంతే ఉంటాయి మరి. పైన ఒక నాబ్ ఉంది, దాన్ని టెన్షన్ నాబ్ అంటారట, బిగిస్తే కాసేపు తెగుతుంది, ఇంకా బిగిస్తే ఇంకా వేడెక్కుతుంది. పేరుకు తగ్గట్టే ఉంది. కత్తులకు సాన పట్టే ఆయన దగ్గరికి తీసుకెళ్తే ఆయన పాపం బాగానే మెరిపించి ఇచ్చాడు, కానీ రెండు పలకలూ ఒకదానికొకటి చదునుగా ఆనాలి కదా, ఆ చదును పోయింది, ఇక అది దేనికీ పనికిరాలేదు. అమ్మినవాళ్లకు ఫోన్ చేస్తే బ్లేడు వారంటీలో రాదన్నారు. కొత్త జత 1,400. అది వచ్చేదాకా తొమ్మిది రోజులు మందలో పదకొండు బోడివి, పదిహేను బొచ్చువి. ఊళ్లో వాళ్లంతా చూసి నవ్వుకున్నారు.

రెండో విడత సంక్రాంతి దాటి చలి తగ్గాక. ఈసారి కుంటలో నీళ్లున్నాయి, నాయన మాట విని ముందే జీవాలను దింపి రుద్ది కడిగాం, రెండు రోజులు ఎండలో ఆరనిచ్చాం, తడి బొచ్చు మీద మిషన్ అస్సలు పెట్టకూడదు. ముందు రాత్రి మేత కూడా ఆపాం, కడుపు నిండి ఉంటే కూర్చోబెట్టినప్పుడు ఆయాసపడతాయి. గొర్రె గొర్రెకూ రెండు చుక్కల నూనె, ఐదింటికోసారి కిరసనాయిల్లో బ్లేడు కడగడం. అదే రకం బ్లేడుతో 26 జీవాలూ ఒకటిన్నర రోజులో అయిపోయాయి. కత్తెర రోజుల్లో కూడా కడిగే తీసేవాళ్లు, నేనే మొదటిసారి కుంట ఎండిందని వదిలేశాను.

ఈ ఒక్క విడతలో మందంతా కలిపి వచ్చిన బొచ్చు ఏడు కిలోలు. 2015లో ఆస్ట్రేలియాలో తప్పిపోయి దొరికిన క్రిస్ అనే ఒక్క గొర్రె ఒంటి మీద నుంచి 41 కిలోలు తీశారు, అంటే మా మంద మొత్తం దాదాపు మూడేళ్లు మేస్తే వచ్చేంత. ఈ మిషన్లు అట్లాంటి సన్నటి, జిడ్డు ఉన్నికి చేసినవేమో అనిపిస్తుంది, మాది ముతక.

బొచ్చు కోసమే కొనాలనుకునేవాళ్లకు ఒక మాట. కంబళ్లకు నూలు వడికే అవ్వకు మూట ఇస్తే, పిడికెడు తీసి విదిలించి చూపించింది, పొట్టి ముక్కలు పొట్టులా రాలాయి. ఒకసారి పోనిచ్చిన చోటే మిషన్‌ను మళ్లీ పోనిస్తే అట్లా ముక్కలవుతుంది, కదురు మీద నిలవదు. "కత్తెరదైతే తీసుకురా నాయనా, ఇది దిండులో కూరుకో" అంది. ఒక్క ఊపులో తీయడం నాకింకా సగమే వచ్చింది.

ఐదుకు మూడు ఇస్తున్నా. పది పదిహేను జీవాలున్నవాళ్లు ఒంటరిగా కొనకండి, ముగ్గురు నలుగురు కలిసి కొనుక్కుంటే నయం. కొనే ముందు ఆ మోడల్‌కు బ్లేడు విడిగా దొరుకుతుందా, ఎన్ని రోజుల్లో వస్తుందని అడగండి, రెండో జత చేతిలో లేకుండా మొదలుపెట్టొద్దు. తల, కాళ్లు, పొదుగు దగ్గర నేనిప్పటికీ కత్తెరే వాడతాను. పొట్టేలును మాత్రం నాయన నన్ను ముట్టుకోనివ్వలేదు, మిషన్ ఆపించి, కత్తెర నూరుకుని, వేపచెట్టు కింద ఆయనే కూర్చున్నాడు.