సఫోక్ పంచ్ గుర్రాలను చూడాలంటే హోజ్లీకే వెళ్ళాలి

ఇంగ్లండ్ తూర్పు తీరాన ఉన్న సఫోక్‌లో చాలా పొలాలు జిగట నేలలు. వాటిలో నాగలి లాగడానికి అక్కడి రైతులు తీర్చిదిద్దుకున్న జాతి సఫోక్ పంచ్. రంగు ఎర్రగోధుమ ఛాయలే, ఇంకోటి ఉండదు. బరువులు లాగే ఇతర జాతులైన షైర్, క్లైడ్స్‌డేల్ గుర్రాలకు గిట్టల మీద జుట్టు వేలాడుతుంది. వీటికి అది బాగా తక్కువ కాబట్టి బంకమన్ను పట్టుకోదు.

సఫోక్‌లో మేం చూసిన చోట్లలో హోజ్లీ అనే ఊళ్ళోని సఫోక్ పంచ్ ట్రస్ట్ పెంపకశాలకే నా మొదటి ఓటు. ఒకప్పుడు ఇది జైలు పొలం, ఖైదీలే గుర్రాలను సాకేవారు. 2006లో ట్రస్ట్ దీన్ని కొనుక్కుంది. కంచె పక్కన నిలబడితే ఆ మెడ, ఆ ఛాతీ చూసి మావాళ్ళకు మాట రాలేదు. బరువు టన్ను దాకా ఉంటుంది, స్వభావం మాత్రం మహా నెమ్మది. పూర్వం బరువులు లాగే పందేల్లో ఇవి మోకాళ్ళ మీదికి వంగి మరీ లాగేవట. అది వినగానే బండలాగుడు పోటీల్లో మన ఒంగోలు ఎడ్లు గుర్తొచ్చాయి.

ఇప్పుడున్న గుర్రాలన్నిటి మగ వంశం 1768లో పుట్టిన ఒకే గుర్రం దగ్గరికి చేరుతుంది. 1877లో వీటికోసం సంఘం పెట్టారు. మొదటి ప్రపంచయుద్ధంలో ఫిరంగులు కూడా లాగాయి. ట్రాక్టర్లు వచ్చాక కబేళాల పాలయ్యాయి. 1966లో నమోదైన పిల్లలు తొమ్మిదే! ఇవాళ కొన్నిచోట్ల అడవుల్లో దుంగలు లాగిస్తున్నారు, అక్కడక్కడ దున్నిస్తున్నారు. పని ఉంటేనే జాతి నిలుస్తుందని నాకు గట్టిగా అనిపించింది.

స్టోమార్కెట్‌లోని ఫుడ్ మ్యూజియం రైలు స్టేషన్ నుంచి నడిచే దూరమే. పాత సేద్యం సరంజామా, దున్నడానికి వాడిన ఆవిరి ఇంజన్లు బాగున్నాయి. పిల్లలతో వెళ్ళేవాళ్ళకు అదే సులువు. గుర్రాల కోసమే అయితే సరిపోదు.

బసకు ఉడ్‌బ్రిడ్జ్ మంచిది. లండన్ లివర్‌పూల్ స్ట్రీట్‌లో రైలెక్కి ఇప్స్‌విచ్‌లో మారాలి. మేం దిగిన సత్రం గది ఇరుకు, మెట్లు నిటారు, పెద్దవాళ్ళకు కష్టం. పొద్దున టిఫిన్ మాత్రం కడుపునిండా పెట్టారు. నది ఒడ్డున నడక హాయిగా ఉంది. సట్టన్ హూ సమాధుల దిబ్బలూ దగ్గరే.

హోజ్లీకి బస్సులను నమ్ముకోవద్దు. మాట్లాడుకున్న టాక్సీ చాలా ఆలస్యంగా రావడంతో తిరుగు రైలు అందుతుందో లేదోనని టెన్షన్ పడ్డాం. సొంత కారో, అద్దె కారో ఉంటే మేలు. బయల్దేరే ముందు ఆ రోజు సందర్శకులను రానిస్తారో లేదో ట్రస్ట్‌ను అడగండి.