అమీర్‌పేట టెస్టింగ్ కోచింగ్ రివ్యూ: పొద్దున ఏడింటి బ్యాచ్‌కి నాలుగు స్టార్లు, పై అంతస్తుకి సున్నా

మా బాబాయి కొడుకు బీఎస్సీ కంప్యూటర్స్ అయిపోయి ఇంట్లో ఉన్నాడు. "అక్కా, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నేర్చుకుందామనుకుంటున్నా. నువ్వు చేరినచోటే చేరనా?" అని ఫోన్ చేశాడు. చేరు అనో వద్దు అనో ఒక్క మాటలో చెప్పేస్తే సరిపోయేది. కానీ నేను అక్కడ చేరింది 2018లో. పాత బిల్డ్, అంటే సాఫ్ట్‌వేర్ పాత వెర్షన్, గుర్తుపెట్టుకుని కొత్త బిల్డ్ పాస్ చేసేస్తే మా టెస్టర్ల ఉద్యోగంలో తిట్లు పడతాయి. అందుకే పోయిన శనివారం వాణ్ణి వెంటబెట్టుకుని డెమో క్లాసుకి వెళ్లి రెండు గంటలు కూర్చుని వచ్చాను. అప్పుడు నేను చదివిన మూడు నెలలు, ఇప్పుడు చూసిన రెండు గంటలు, రెండూ కలిపి ఈ రివ్యూ.

ఇన్‌స్టిట్యూట్ పేరు రాయడం లేదు. రాసినా ఉపయోగం లేదు, నేను చేరినప్పటి నుంచి ఆ బోర్డు మీద పేరు రెండుసార్లు మారింది. కుర్చీలు మాత్రం మారలేదు. మైత్రీవనం దగ్గర సందులో, జిరాక్స్ షాపు పక్క మెట్లెక్కితే రెండో అంతస్తు. మెట్రో దిగి ఆ మెట్ల దాకా వెళ్లేలోపు చేతిలో ఆరేడు పాంప్లెట్లు పడతాయి. అప్పుడు వాటి మీద సెలీనియం, హడూప్ లాంటి సాఫ్ట్‌వేర్ కోర్సులు ఉండేవి. ఇప్పుడు అన్నిటి మీదా ఏఐ.

నాది మధిర వైపు పల్లెటూరు. ఈసీఈ చదివాను, క్యాంపస్‌లో ఏమీ రాలేదు. ఎస్.ఆర్.నగర్‌లో నలుగురం ఉండే హాస్టల్ గదిలో చేరి పాంప్లెట్లు ఏరుకునే రోజుల్లో అందరూ చెప్పిన మాట ఒకటే: "కోడింగ్ రాకపోతే టెస్టింగ్‌కి వెళ్లు." నేనూ అలాగే వెళ్లాను. మాన్యువల్ టెస్టింగ్, అంటే మనిషే చేత్తో చేసేది, రెండున్నర వేలు. సెలీనియం, అంటే అవే టెస్టులని బ్రౌజర్‌లో స్క్రిప్ట్‌తో నడిపే టూల్, ఐదు వేలు. మొదటి మూడు రోజులు ఫ్రీ డెమో, నాలుగో రోజు తలుపు దగ్గర రసీదు చూపించాలి.

మాన్యువల్ చెప్పిన సార్‌ది పొద్దున ఏడింటి బ్యాచ్. మొదటి రోజే బోర్డు మీద ఒక ఫారం గీశారు. లైబ్రరీ మెంబర్‌షిప్, వయసు 18 నుంచి 60 దాకా. "దీన్ని ఎలా టెస్ట్ చేస్తారు?" ముందు వరుసలో కూర్చున్నవాళ్లు 25 ఇస్తాం, 30 ఇస్తాం అన్నారు. సార్ ఏమీ అనలేదు. ఎవరో 17 అన్నారు, ఇంకెవరో 61 అన్నారు. అప్పుడు బోర్డు మీద 17, 18, 19 అని, కొంచెం ఎడంగా 59, 60, 61 అని రాసి, "తప్పులు నడిమధ్యలో కాపురం ఉండవు, గట్ల మీద ఉంటాయి" అన్నారు. పొలం గట్టు తెలిసినవాళ్లకి బౌండరీ వాల్యూ ఎనాలిసిస్ అంతకన్నా విడమరిచి చెప్పక్కర్లేదు. అంతటితో ఆపలేదు. "ఫారంలో వయసు అడగడం లేదు, పుట్టినతేదీ అడుగుతున్నారు. ఫిబ్రవరి 29న పుట్టినవాడికి 18 ఎప్పుడు నిండుతుంది?" అన్నారు. క్లాసు సగం ఫిబ్రవరి 28 అంది, సగం మార్చి 1 అంది. గొడవ ముదిరాక సార్ అన్న మాట: "ఇద్దరూ రైటే కావచ్చు. నీకు ఇచ్చిన రిక్వైర్‌మెంట్‌లో ఏముందో వెళ్లి అడుగు. అక్కడ ఏమీ రాయకపోతే, అదే నువ్వు పట్టిన మొదటి బగ్."

ఆ నెలలోనే ఐఫోన్ల గొడవ వచ్చింది. కొందరికి గుర్తుండే ఉంటుంది. 'జ్ఞా' అనే అక్షరం, లోపల కంటికి కనపడని ఒక విడదీసే గుర్తుతో కలిసి మెసేజ్‌లో వస్తే, ఐఓఎస్ 11 నడుస్తున్న ఫోన్లలో ఆ యాప్ మూసుకుపోయేది. అదే నోటిఫికేషన్‌లో వస్తే మొత్తం హోమ్ స్క్రీనే పడిపోయేది. ఫిబ్రవరి 19న 11.2.6 వెర్షన్ ఇచ్చి సరిచేశారు. మర్నాడు సార్ బోర్డు మీద ఇంత పెద్దగా 'జ్ఞా' అని రాశారు. ఇంగ్లిష్ రాదని వెనక బెంచీల్లో దాక్కునే మావైపు చూసి, "దీన్ని ముందే పట్టాలంటే తెలుగు టైప్ చేసేవాడు ఒకడు కావాలి. మీకొచ్చు కదా?" అన్నారు. ఆ రోజు నుంచి నేను రెండో బెంచీకి మారాను.

పెస్టిసైడ్ పారడాక్స్ అని సిలబస్‌లో ఒకటుండేది. ఒకే టెస్టులు పదేపదే నడిపితే కొత్త బగ్‌లు దొరకడం మానేస్తాయి, వాడిన పురుగుమందుకే పురుగు అలవాటు పడ్డట్టు. టెస్టర్లకి సర్టిఫికెట్ పరీక్ష పెట్టే ఐఎస్‌టీక్యూబీ వాళ్లు కొత్త సిలబస్‌లో ఈ పేరు తీసేసి 'టెస్టులు అరిగిపోతాయి' అని మార్చారు. పాత పేరే బాగుంది. అంతకుముందు సీజన్‌లోనే మా నాన్న బీటీ పత్తిలో గులాబీ రంగు పురుగు చూసి తల పట్టుకున్నారు. ఆ నిర్వచనం బట్టీ పట్టే పని నాకు పడలేదు. 2019లో ఐఎస్‌టీక్యూబీ పరీక్ష రాశాను. 40 ప్రశ్నలు, 26 వస్తే పాస్. సార్ నోట్సు తప్ప వేరే ఏమీ చదవలేదు.

ఇక సార్ ఒక్క పూటలో చెప్పి వదిలేసిన పాఠం బగ్ రాయడం. నెలంతా దాని మీదే పెట్టినా తప్పులేదని ఉద్యోగంలో చేరాక తెలిసింది. మొదటి కంపెనీలో ఒక ఇన్సూరెన్స్ ఫారం టెస్ట్ చేస్తున్నాను. ఇంటిపేరు గడిలో ఒక్క అక్షరం కొడితే ముందుకి వెళ్లనివ్వడం లేదు. మనవాళ్లలో ఎంతమంది కార్డుల్లో ఇంటిపేరు బదులు ఇనిషియల్ ఒక్కటే ఉంటుందో మీకు తెలుసు. "ఇంటిపేరు ఫీల్డ్ పని చేయడం లేదు" అని రాసి పంపాను. డెవలపర్ పది నిమిషాల్లో క్లోజ్ చేశాడు: "నా మెషీన్‌లో పని చేస్తోంది." నిజమే, వాడి ఇంటిపేరు తొమ్మిది అక్షరాలు. బాత్రూంలోకి వెళ్లి ఏడ్చి వచ్చి, సార్ మాట గుర్తు చేసుకున్నాను. నువ్వు సెలవులో ఉన్నా, నీ ఫోన్ స్విచాఫ్ అయినా, అవతలివాడు ఆ కాగితం చదివి బగ్‌ని మళ్లీ పుట్టించగలగాలి. ఏ బ్రౌజర్, ఏ బిల్డ్, ఏ గడిలో ఏం కొట్టాను, ఏం రావాలి, ఏం వచ్చింది, అన్నీ వరుసగా రాసి మళ్లీ తెరిచాను. ఈసారి వాడు సీటు దగ్గరికే వచ్చి, "ఒక్క అక్షరం ఎవరు కొడతారండీ?" అన్నాడు. మాట్లాడకుండా మా మేనేజర్ మెడలో ఐడీ కార్డు చూపించాను. సాయంత్రానికి ఫిక్స్ వచ్చింది.

ఆ ఏడింటి బ్యాచ్‌కి నాలుగు స్టార్లు ఇస్తున్నది అందుకే. ఐదోది ఎందుకు ఇవ్వలేదంటే, అరవై మందికి రెండు ఫ్యాన్లు, అందులో ఒకటి తిరగదు. బాత్రూం కింద అంతస్తులో ఉంటుంది, తాళంచెవి జిరాక్స్ షాపు అతని దగ్గర ఉంటుంది. మా భాషలో చెప్పాలంటే సివియారిటీ (నష్టం తీవ్రత) తక్కువ, ప్రయారిటీ (సరిచేయాల్సిన తొందర) చాలా ఎక్కువ.

సెలీనియం బ్యాచ్ గురించి ఇంత ప్రేమగా రాయలేను. ఆ పేరే ఒక జోకు. 2004లో షికాగోలో, థాట్‌వర్క్స్‌లో పని చేస్తున్న జేసన్ హగ్గిన్స్ దీన్ని మొదలుపెట్టారు. అప్పట్లో టెస్టింగ్ టూల్స్ అమ్మే పెద్ద కంపెనీ పేరు మెర్క్యురీ. మెర్క్యురీ అంటే పాదరసం. పాదరసం విషానికి సెలీనియం విరుగుడు అంటారు, అదీ సంగతి. ఇంత సరదా విషయం క్లాసులో ఎవరూ చెప్పలేదు. ఆ సార్ నోట్‌ప్యాడ్‌లో కోడ్ చదివేవారు, మేం రాసుకునేవాళ్లం. జిరాక్స్ మెటీరియల్‌లో ఎక్స్‌పాత్ (పేజీలో ఏ బటన్ ఎక్కడుందో స్క్రిప్ట్‌కి చెప్పే దారి) కోసం ఫైర్‌బగ్ అనే ఫైర్‌ఫాక్స్ యాడ్-ఆన్ వాడమని ఉండేది. 2017 నవంబర్‌లో ఫైర్‌ఫాక్స్ 57 వచ్చాక ఫైర్‌బగ్ పని చేయడం మానేసింది. మేం చేరింది మరుసటి ఫిబ్రవరిలో. దానికి సార్ కనిపెట్టిన పరిష్కారం, కొత్త ఫైర్‌ఫాక్స్ తీసేసి, పెన్‌డ్రైవ్‌లో ఉన్న పాత వెర్షన్ వేసుకుని, అప్‌డేట్లు ఆపేయడం. ఆ పెన్‌డ్రైవ్ కోసం వరుసలో నిలబడ్డాం. అప్పటికే క్రోమ్‌లో రైట్ క్లిక్ కొడితే అదే పని చేసే ఇన్‌స్పెక్ట్ వచ్చేది. ఆ ముక్క ఎవరూ చెప్పలేదు.

పేజీ లోడ్ కాకముందే స్క్రిప్ట్ ఫెయిలైతే, ప్రతిసారీ థ్రెడ్ స్లీప్, అంటే స్క్రిప్ట్ ఏమీ చేయకుండా ఆగడం, ఐదు సెకన్లు పెట్టమనేవారు. ఆ అలవాటు మోసుకుంటూ ఉద్యోగానికి వెళ్లాను. నా మొదటి సూట్‌లో, అంటే టెస్టుల కట్టలో, 180 టెస్టులు, ఒక్కోదానిలో నాలుగు స్లీపులు. లెక్క వేస్తే ఊరికే నిద్రపోవడానికే గంట. "ఇది రన్ అవుతోందా, పడుకుందా?" అని మా లీడ్ అడిగితే ఏం చెప్పాలో తెలియలేదు. బటన్ కనపడేదాకా మాత్రమే ఆగే ఎక్స్‌ప్లిసిట్ వెయిట్ అనేది ఒకటుందని ఆ వారం అతని దగ్గరే నేర్చుకున్నాను. ఐదు వేలు కట్టింది దాని కోసమే కదా మరి. రెండు స్టార్లు, అవి కూడా ల్యాబ్ రాత్రి తొమ్మిది దాకా తెరిచి ఉంచినందుకు.

ఇక పై అంతస్తు. అక్కడ కోర్సులు ఉండవు, కుర్చీ వెనక వినాయకుడి ఫొటో, టేబుల్ మీద ఫైళ్లు. "ఫ్రెషర్ అంటే ఎవరూ పిలవరమ్మా, మూడేళ్ల ఎక్స్‌పీరియెన్స్ పెట్టిద్దాం" అంటారు. ఆఫర్ లెటర్, జీతం స్లిప్పులు, ఫోన్ చేస్తే అవునని చెప్పే ఒక నంబర్, అన్నీ ప్యాకేజీలో. నా రూమ్మేట్ ఒకమ్మాయి తీసుకుంది. ఉద్యోగమూ వచ్చింది. ఐదో నెలలో వెరిఫికేషన్‌వాళ్లు పీఎఫ్ హిస్టరీ అడిగారు. మూడేళ్లు పని చేసినట్టు చూపిన కంపెనీ పేరు అందులో ఎక్కడా లేదు. ఆ రోజు మధ్యాహ్నమే లాప్‌టాప్ తీసుకుని పంపించేశారు. హాస్టల్‌కి వచ్చి ఎవరితోనూ మాట్లాడలేదు, మర్నాడు తెల్లారి బస్సుకి ఊరెళ్లిపోయింది. నాలుగేళ్లుగా నేను ఇంటర్వ్యూలకి ఇటువైపు కూర్చుంటున్నాను. నిర్వచనాలు అడగను. "మీరు రాసిన బగ్‌లలో డెవలపర్ ఒప్పుకోనిది ఒకటి చెప్పండి, వాడు ఏమన్నాడు?" అంటాను. నిజంగా చేసినవాళ్లకి ఆ మాట అడగ్గానే మొహంలో కోపం వస్తుంది. పై అంతస్తు నుంచి వచ్చినవాళ్లు బగ్ లైఫ్ సైకిల్ అనే బట్టీ పాఠం మొదలుపెడతారు. పై అంతస్తుకి సున్నా ఇస్తున్నది అందుకే.

పోయిన శనివారం సంగతికొస్తే, ఫీజులు బాగా పెరిగాయి. మాన్యువల్ ఒక్కటే అయితే ఆరు వేలు, ఆటోమేషన్, ఏఐ కలిపి పద్దెనిమిది వేలు. సెలీనియం పక్కన ఇప్పుడు ప్లేరైట్ కూడా చెబుతున్నారు. ఇది మంచి మార్పు, 2020లో మైక్రోసాఫ్ట్ నుంచి వచ్చిన టూల్, బటన్ సిద్ధమయ్యేదాకా అదే ఆగుతుంది, స్లీపుల జబ్బు చాలావరకు తగ్గుతుంది. ఆటోమేషన్ డెమోలో కుర్ర ట్రైనర్ ఒక ఏఐ టూల్‌ని లాగిన్ పేజీకి టెస్ట్ కేసులు రాయమన్నాడు. నిమిషంలో నలభై వచ్చాయి. క్లాసు చప్పట్లు కొట్టింది. నేను చదువుకుంటూ వెళ్లాను. సరైన పాస్‌వర్డ్ ఇస్తే లోపలికి వెళ్లాలి అన్నది నాలుగు రకాల మాటల్లో ఉంది. ఐదుసార్లు తప్పు కొట్టాక ఏమవ్వాలి అన్నది ఒక్కచోటా లేదు. ట్రైనర్ ఆ నలభైని అలాగే ఎక్సెల్‌లో వేసుకోమన్నాడు. టూల్ తప్పేమీ లేదు. వచ్చిన నలభైలో ఏది పనికిరాదో చెప్పడం కదా నేర్పాల్సింది.

మాన్యువల్ సార్ ఇంకా ఉన్నారు. జుట్టు తెల్లబడింది. బోర్డు మీద అదే లైబ్రరీ, అదే 18, అదే 60. నన్ను గుర్తుపట్టలేదు, ఎన్ని వేల మందిని చూసి ఉంటారు. క్లాసయ్యాక వెళ్లి 'జ్ఞా' బ్యాచ్ సార్ అన్నాను. నవ్వారు. టీ తెప్పించారు.

మావాడికి నేను చెప్పింది ఇది. ఆరు వేలు కట్టి పొద్దున బ్యాచ్‌లో చేరు. ప్లేరైట్ ఇంట్లో కూర్చుని దాని డాక్యుమెంటేషన్ చదివి నేర్చుకోవచ్చు, ఆదివారాలు నేను చూస్తాను. జావా కానీ పైథాన్ కానీ ఏదో ఒకటి రావాలి, కోడింగ్ రాకపోయినా టెస్టింగ్‌లో బతికేయొచ్చు అనే మాట నేను చేరినప్పుడే సగం అబద్ధం, ఇప్పుడు పూర్తిగా అబద్ధం. పై అంతస్తు మెట్లు ఎక్కితే పిన్నికి చెప్పేస్తాను.

అడ్మిషన్ ఫారం ఇప్పుడు కాగితం మీద కాదు, రిసెప్షన్‌లో ట్యాబ్ ఇస్తారు. మావాడి ఫోన్ నంబర్ నేనే కొట్టాను. అలవాటు కొద్దీ చివర ఇంకో అంకె కలిపాను. పదకొండు అంకెలు తీసుకుంది, పచ్చ టిక్ కూడా పెట్టింది. రిసెప్షన్ అమ్మాయికి చూపిస్తే, "పదకొండు ఎవరు కొడతారు మేడం?" అంది.

నేను అంకె చెరిపేలోపు మావాడు ట్యాబ్ లాక్కుని, పుట్టినతేదీ దగ్గరికి వెళ్లి, 2031 ఫిబ్రవరి 29 కొట్టాడు. అదీ తీసుకుంది.

"అక్కా, ఇది ఎవరికి రాసి ఇవ్వాలి?" అన్నాడు.