షాబ్లీనా, మస్కడేనా?

ఫ్రాన్స్ నుంచి సెలవులకి వస్తున్నానంటే చాలు, స్నేహితులు అడిగేది ఒకటే: "తీపి లేని వైట్ వైన్ పట్రా, షాబ్లీ బాగుంటుందట కదా?" బాగుంటుంది. కానీ ఈసారి నా పెట్టెలో సర్దుకున్న రెండు సీసాలూ మస్కడే అనే మరో ఫ్రెంచి వైట్ వైన్‌వే.

రెండింట్లోనూ తీపి తెలియదు. రసంలోని చక్కెరను ఈస్ట్ దాదాపు పూర్తిగా తినేసి ఆల్కహాల్ చేసేస్తుంది. మిగిలేది పులుపు, కాబట్టి నా లెక్కలో తేల్చాల్సింది పులుపు సంగతే. చింతపండులో ఉండే టార్టారిక్ ఆసిడే ద్రాక్షలోనూ ఉంది. దానికి తోడు పచ్చి యాపిల్‌లో ఉండే మాలిక్ ఆసిడ్. షాబ్లీ చలి ప్రాంతం, అక్కడి షార్డొనే రకం ద్రాక్ష పుల్లగా వస్తుంది. అందుకని ఈస్ట్ పని అయ్యాక బ్యాక్టీరియాను కూడా పని చేయనిస్తారు. అది మాలిక్ ఆసిడ్‌ను లాక్టిక్ ఆసిడ్‌గా, అంటే మన పెరుగు పులుపుగా మార్చేస్తుంది. పదును తగ్గి వైన్ మెత్తబడుతుంది.

మస్కడేలో సాధారణంగా ఆ పని జరగనివ్వరు. పులుపు పులుపుగానే ఉంటుంది. మెత్తదనం మడ్డి నుంచి, అంటే అడుగున చేరే చచ్చిన ఈస్ట్ నుంచి వస్తుంది.

నాంత్ నగరం పక్కన, లువార్ నది సముద్రంలో కలిసే వైపు ఉంటాయి ఈ తోటలు. 1709 నాటి భయంకరమైన చలికి తోటలు చచ్చిపోయాక, చలికి తట్టుకుంటుందని మెలోన్ అనే ద్రాక్ష ఎక్కువగా నాటారు. నిజం చెప్పాలంటే అది చప్పిడి కాయ. పులిశాక చచ్చిన ఈస్ట్ అడుగున చేరుతుంది కదా, చాలాచోట్ల పైతేటను తీసి వేరే ట్యాంకులోకి మారుస్తారు. ఇక్కడ మంచి వైన్‌ని చలికాలమంతా ఆ మడ్డి మీదే వదిలేసి, తర్వాత నేరుగా సీసాలకు పడతారు. అక్కడ ఒక సెల్లార్‌లో చూశాను: ట్యాంకులు నేలలోనే కట్టి ఉన్నాయి, లోపల గాజు పలకలు, పైన మన సంపు మూతలాంటి మూత. మూత తీసి గాజు గొట్టంతో కాస్త తోడి ఇచ్చారు. బియ్యం కడిగిన నీళ్ళలా మసగ్గా ఉంది, వాసన మాత్రం అప్పుడే కాల్చిన రొట్టెదే. కదపలేదు కాబట్టి లోపలి గ్యాస్ కూడా కాస్త మిగిలి నాలుక మీద చిమచిమలాడింది.

షాబ్లీ గురించి ఎక్కువగా చెప్పేది దాని నేల సంగతి. ఆ సున్నపురాయిలో కోట్ల ఏళ్ళనాటి చిన్న ఆల్చిప్పలున్నాయి, నిజమే. వాటి రుచి గ్లాసులోకి వస్తుందంటే నాకు నమ్మకం లేదు. కానీ పదేళ్ళు దాచుకునే సీసా కావాలన్నా, వెన్న, క్రీమ్ వేసి చేసిన కోడికూర పక్కన పెట్టాలన్నా షాబ్లీయే మేలు. అందులోనూ గ్రాండ్ క్రూ, అంటే అన్నిటికన్నా పై తరగతి, అని రాసిన ఏడు చెక్కల పంట అయితే ఇంకా మంచిది, జేబు ఒప్పుకుంటే.

సాన్సేర్ అనే ఇంకో ఫ్రెంచి వైట్ వైన్ సంగతీ అడుగుతారు. అది సొవిన్యోఁ బ్లాఁ రకం ద్రాక్షది, వాసన ఘాటు, ధర షాబ్లీకి దగ్గర్లోనే. నచ్చినవాళ్ళకి నచ్చుతుంది.

నా ఇంట్లో చేపల వేపుడే ఎక్కువ. నిమ్మకాయ పిండే చోట మస్కడే సరిగ్గా కుదురుతుంది. ఆల్కహాల్ కూడా 12 శాతం దగ్గరే కాబట్టి కారాన్ని మరీ రెచ్చగొట్టదు. చేపల పులుసు పక్కన మాత్రం ఏ వైనూ వద్దు, మంచినీళ్ళు చాలు. మా వీధి షాపులో మస్కడే షాబ్లీ ధరలో సగానికే వస్తుంది కూడా. లేబుల్ మీద 'సూర్ లీ', అంటే 'మడ్డి మీద', అని ఉందో లేదో చూసుకోండి. అది లేకపోతే డబ్బు పోయినా షాబ్లీయే కొనండి.